తాళపుచెవి సిద్ధాంతమూ, తాండూరు కందీ

శిలీంధ్రాలు మొక్కలోనికి ఎట్లా ప్రవేశిస్తాయి అన్న ప్రశ్నకు ఉన్నత పాఠశాలలలో సాధారణంగా వినిపించే సమాధానం ఒకటున్నది. ఆకు మీద అవభాసిని అనే పొర ఉంటుంది. ఆ పొర క్యూటిన్ అనే పదార్థంతో తయారైనది. శిలీంధ్రం క్యూటినేజు అనే ఎంజైమును స్రవించి దానిని కరగిస్తుంది. కన్నం పడగానే లోపలికి పోతుంది. మొక్క తాళం వేసిన ఇల్లు, ఎంజైము దొంగ చేతిలోని తాళపుచెవి. ఈ ఉపమానం విద్యార్థికి వెంటనే పట్టుబడుతుంది, పరీక్షలో అయిదు మార్కులూ తెచ్చిపెడుతుంది. చిక్కేమిటంటే, వికారాబాదు జిల్లాలోని కంది చేలలోకి దిగి చూస్తే ఈ కథ సగమే నిలుస్తుంది. ఆ నిలిచిన సగం ఏది, కూలిన సగం ఏది అని విడదీసి చూడటం ఉపాధ్యాయులకు అవసరమైన పని.

ముందు ఆ పొర సంగతి. తామరాకు మీద నీటిబొట్టు సామెతకెక్కినది. చేమ ఆకు మీద నీళ్ళు చల్లినా అంతే, ముత్యాలవలె దొర్లిపోతాయి. దీనికి కారణం ఆకు పైభాగాన ఉన్న మైనం. ఆ మైనం కింద, దానితో కలిసిపోయి, క్యూటిన్ ఉంటుంది. క్యూటిన్ అంటే 16 లేక 18 కర్బన పరమాణువులు గల కొవ్వు ఆమ్లాలు ఒకదానితో ఒకటి ఎస్టరు బంధాలతో ముడిపడి ఏర్పడిన వల. ఈ పొర మందం కొన్ని లేత భాగాలలో మైక్రానులో పదోవంతు కూడా ఉండదు. దళసరి ఆకులలో పది మైక్రానులదాకా ఉండవచ్చును. (మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాను.) తాండూరు ఇండ్లలో నాపబండలు పరచినప్పుడు బండకూ నేలకూ మధ్య సున్నమో సిమెంటో పోసినట్లు, క్యూటిన్ పొరకూ దాని కింది కణాలకూ మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది. ప్రయోగశాలలో టమాటా తోలును పెక్టిన్, సెల్యులోజులను కరగించే ఎంజైములలో నానబెడితే అవభాసిని చెక్కుచెదరకుండా ఊడి వస్తుంది. బండ పగలలేదు, కింది జిగురు పోయిందంతే. ఈ ఒక్క సంగతి తరవాత చాలా పనికివస్తుంది.

ఈ శాస్త్రానికి చరిత్ర పొడుగైనదే. 1886లో జర్మను శాస్త్రజ్ఞుడు డి బారీ స్క్లెరోటీనియా శిలీంధ్రం సోకిన మొక్కల రసం కణాల గోడలను కరగించగలదనీ, ఆ రసాన్ని వేడిచేస్తే ఆ శక్తి నశిస్తుందనీ చూపాడు. అది ఎంజైము లక్షణమే. అయితే 1895లో మియోషి అనే జపాను శాస్త్రజ్ఞుడు మరొక చిత్రమైన ప్రయోగం చేశాడు. బొట్రైటిస్ అనే బూజు తంతువులు పలుచని బంగారు రేకును కూడా పొడుచుకొని పోగలవని ఆయన చూపాడు. బంగారాన్ని జీర్ణం చేసుకొనే ఎంజైము ఏ శిలీంధ్రానికీ లేదు. కనుక అక్కడ జరిగినది ఒత్తిడితో పొడవటమే. తరవాత విలియం బ్రౌన్ మొదలైన ఇంగ్లండు పరిశోధకులు కూడా, కణాల గోడలను కరగించటం ఎంజైముల పని అయినా, పైపొరను దాటటం మాత్రం బలప్రయోగమేనని వాదించారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగమంతా ఈ అభిప్రాయానిదే పైచేయి.

ఆ పైచేయిని తిరగవేసినవాడు మనవాడే. కేరళలో పుట్టి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన పి. ఇ. కొలత్తుకుడి, 1970 తరవాతి సంవత్సరాలలో తన సహచరులతో కలిసి, బఠాణీ మొక్కకు తెగులు తెచ్చే ఫ్యుజేరియం సొలాని అనే శిలీంధ్రానికి క్యూటిన్ తప్ప మరే ఆహారమూ ఇవ్వకుండా పెంచి, అది స్రవించిన క్యూటినేజును శుద్ధిచేసి వేరుపరచాడు. అది చిన్న ప్రోటీను. అణుభారం సుమారు 22 వేలు. ఆ ఎంజైము బఠాణీ మొక్క మీద నిజంగా స్రవిస్తున్నదని 1977లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయంతో చూపారు. 1979లో మైతి, కొలత్తుకుడి చేసిన ప్రయోగం అన్నిటికన్న ముఖ్యమైనది. క్యూటినేజును అడ్డగించే ప్రతిదేహాలు గల రక్తరసాన్ని సిద్ధబీజాలతో కలిపి బఠాణీ కాడ మీద ఉంచితే తెగులు సోకలేదు. ఎంజైమును స్తంభింపజేసే ఒక రసాయనాన్ని కలిపినా సోకలేదు. కాని కాడ మీది పొరను ముందుగానే గీరివేసి, అదే మిశ్రమాన్ని ఉంచితే తెగులు సోకింది. అనగా శిలీంధ్రం చావలేదు, నీరసించనూ లేదు, తలుపు తెరవలేకపోయిందంతే.

ప్రయోగాన్ని ఎట్లా రూపొందించవలెనో విద్యార్థులకు నేర్పటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకటం కష్టం. గీరిన కాడతో పోల్చకపోతే ఆ ఫలితానికి విలువే లేదు. సిద్ధబీజం అవభాసినికి తగిలిన పావుగంటలోపలే క్యూటినేజు జన్యువు పని మొదలుపెడుతుందని 1986లో వెల్లడించారు. అదే సంవత్సరం డిక్‌మన్, పాటిల్ బొప్పాయి కాయను కుళ్ళబెట్టే శిలీంధ్రంలో ఉత్పరివర్తనాలు కలిగించి, క్యూటినేజు చేయలేని రకాలు గాయం లేని కాయకు తెగులు తేలేవని చూపారు. 1989లో, గాయాల గుండా మాత్రమే ప్రవేశించగల మరొక శిలీంధ్రంలోకి క్యూటినేజు జన్యువును చొప్పించగా అది గాయం లేని బొప్పాయికి కూడా సోకింది. తాళపుచెవి సిద్ధాంతం ఇక్కడికి శిఖరం చేరింది. పాఠ్యపుస్తకాలలోకి ఎక్కినదీ ఈ రూపమే.

కాని ఈ సాక్ష్యాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే కొన్ని బీటలు కనుపిస్తాయి. 1979 ప్రయోగంలో వాడిన రసాయనం క్యూటినేజునే కాదు, సెరీను అనే ఎమైనో ఆమ్లం మీద ఆధారపడి పనిచేసే ఎంజైములన్నిటినీ స్తంభింపజేస్తుంది. ప్రతిదేహాల సాక్ష్యం అంతకన్న గట్టిది, సందేహం లేదు. ఉత్పరివర్తనాల పద్ధతిలో మరొక లోపం: ఒక జన్యువును దెబ్బతీయబోతే దానితోబాటు మరెక్కడ దెబ్బ తగిలిందో చెప్పటం కష్టం. ఇవి చిన్న బీటలు. పెద్ద బీట తర్కంలోనే ఉన్నది.

వికారాబాదు నుంచి తాండూరుకు రైలున్నది, రోడ్డూ ఉన్నది. రైలెక్కినవాడు తాండూరు చేరాడు కనుక రైలు లేనినాడు ఎవడూ తాండూరు చేరలేడు అంటే వినేవారు నవ్వుతారు. 1989 నాటి ప్రయోగం చెప్పినది ఇంతే: ఆ శిలీంధ్రానికి ఆ కాయ మీద ఈ ఎంజైము ఇస్తే దారి దొరుకుతుంది. ఈ ఎంజైము లేకపోతే ఏ శిలీంధ్రానికీ దారి లేదు అనటం వేరు మాట. మొదటిది చాలునన్న మాట, రెండవది తప్పదన్న మాట. పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని చూపి రెండవదాన్ని నేర్పాయి.

1992లో ఇందుకు పరీక్ష ఎదురైంది. అప్పటికి ఒక జన్యువును మాత్రమే ఎంచి తొలగించే పద్ధతి వచ్చింది. స్టాల్, షేఫర్ అనే జర్మను శాస్త్రజ్ఞులు అదే బఠాణీ శిలీంధ్రంలో క్యూటినేజు జన్యువును తొలగించారు. ఎంజైము లేని ఆ శిలీంధ్రం బఠాణీకి ఎప్పటివలెనే తెగులు తెచ్చింది. అదే సంవత్సరం అమెరికాలో వరి అగ్గి తెగులు శిలీంధ్రంలో ఒక క్యూటినేజు జన్యువును తొలగించినవారికీ ఇదే ఫలితం వచ్చింది. కొలత్తుకుడి బృందం ఊరుకోలేదు. 1994లో వారు కూడా జన్యువును తొలగించి చూసి, బఠాణీ మీద తెగులు తీవ్రత తగ్గిందని ప్రకటించారు. ఈ రెండు పక్షాలలో ఎవరిదో ఒకరిది అబద్ధం కావలసిన పని లేదు. తీవ్రత తగ్గటం వేరు, తెగులు అసలే రాకపోవటం వేరు. 1979లో "తలుపు తెరవలేకపోయింది" అన్నవారు 1994 నాటికి "తెరవటం కష్టమైంది" అనే చోటికి వచ్చారు. ఇది ఓటమి కాదు గాని, సిద్ధాంతం కుదించుకున్నదని ఒప్పుకోక తప్పదు. విచిత్రమేమిటంటే, ఈ కుదింపు ఇన్ని సంవత్సరాలైనా తరగతి గదిదాకా రాలేదు.

అగ్గి తెగులు విషయంలో మియోషి బంగారు రేకు మళ్ళీ ముందుకు వచ్చింది. ఈ శిలీంధ్రం ఆకు మీద గుండ్రని బిళ్ళవంటి కణాన్ని తయారుచేసి, దానిని గట్టిగా అతికించి, లోపల ఒత్తిడిని పెంచుతుంది. 1991లో కొలిచినప్పుడు ఆ ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 80 రెట్లున్నది! మోటారుకారు టైరులో ఉండేది దీనిలో చాలా చిన్న వంతు మాత్రమే. ఆ బిళ్ళ గోడలో మెలనిన్ అనే నల్లని పదార్థం లేకపోతే ఒత్తిడి నిలవదు. వరి రైతులు ఎరిగిన ట్రైసైక్లజోల్ అనే మందు సరిగా ఈ మెలనిన్ తయారీనే అడ్డుకుంటుంది. అది ఏ క్యూటినేజునూ ముట్టుకోదు. అయినా ఆకులోకి ప్రవేశం ఆగిపోతుంది. తాళపుచెవి కథను మాత్రమే విన్న విద్యార్థికి ఈ మందు పనిచేసే తీరు ఎప్పటికీ బోధపడదు.

అట్లాగని బలప్రయోగ వాదం గెలిచిందనుకోవటమూ తొందరపాటే. 2007లో స్కామ్నియోటి, గర్ అనే పరిశోధకులు అదే అగ్గి తెగులు శిలీంధ్రంలో మరొక క్యూటినేజు జన్యువును తొలగించారు. ఈసారి తెగులు తీవ్రత బాగా తగ్గింది. అయితే కారణం ఎవరూ ఊహించనిది. ఆ జన్యువు లేని శిలీంధ్రానికి తాను ఏ నేల మీద ఉన్నదీ సరిగా తెలియటం లేదు. బిళ్ళలు వంకరటింకరగా ఏర్పడుతున్నాయి. బయటినుంచి క్యూటిన్ విడిభాగాలను అందిస్తే మళ్ళీ సరిగా ప్రవేశిస్తున్నది. ఎంజైము క్యూటిన్‌ను కొద్దిగా కొరికి, వచ్చిన ముక్కలను బట్టి "ఇది ఆకే" అని శిలీంధ్రానికి తెలియజేస్తున్నదన్నమాట. ఇక్కడ క్యూటినేజు తాళపుచెవి కన్న నాలుకకు దగ్గర. పైగా ఒక్కొక్క శిలీంధ్రంలో ఇటువంటి జన్యువులు ఒకటి కాదు, అనేకం ఉన్నాయి. ఒకటి తీసివేసి ఫలితం లేదనటం, గుత్తిలో ఒక తాళపుచెవి పారవేసి ఇల్లు భద్రమనుకోవటం వంటిది. పెక్టిన్ ఎంజైములలో ఇది స్పష్టంగా తేలింది: బఠాణీ శిలీంధ్రంలో పెక్టిన్‌ను కోసే రెండు జన్యువులలో ఏ ఒక్కదాన్ని తీసినా తెగులు తగ్గలేదు, రెండింటినీ తీసివేస్తే బాగా తగ్గిందని 2000లో నిరూపించారు.

ఇక తాండూరు కంది మాటకు రావాలి. వికారాబాదు జిల్లా పడమటి భాగాన, సున్నపురాయి పొరలమీది నల్లరేగడి నేలల్లో వానాధారంగా పండే ఈ కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. దానికోసం దరఖాస్తు చేసినది యాలాల రైతుల ఉత్పత్తిదారుల సంస్థ. పప్పు రుచికీ, నిలవకూ పేరుబడ్డ ఈ పంటకు పెద్ద శత్రువు ఎండు తెగులు. దానిని తెచ్చేది ఫ్యుజేరియం ఉడం అనే శిలీంధ్రం. దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టి వర్ణించినవాడు బట్లర్; భారత ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడుగా పూసాలో పనిచేస్తూ 1910లో ఈ తెగులు మీద గ్రంథం ప్రచురించాడు. బఠాణీ శిలీంధ్రానికి ఇది జ్ఞాతి. కాబట్టి బఠాణీ కాడ మీద తేలిన సంగతిని కందికి అంటగట్టటం సులభమే. సరిగా ఇక్కడే పాఠం దారి తప్పుతుంది.

ఎండు తెగులు ఆకు మీదినుంచి రాదు. శిలీంధ్రం నేలలో, ఎండిన కంది మోళ్ళలో, సుమారు మూడేళ్ళపాటు బతికి ఉంటుంది. లేత వేళ్ళ గుండా ప్రవేశించి, దారువులోకి చేరి, నీరు పైకి పోయే నాళాలను మూసివేస్తుంది. నేలలో తడి ఉండగానే మొక్క వాడిపోతుంది. కాండం మీద మొదటినుంచి పైకి ఊదారంగు చార కనుపిస్తుంది. ఆకు మీద ఎంత దళసరి అవభాసిని ఉన్నా ఈ శత్రువుకు లెక్క లేదు, అది ఆ తలుపు దగ్గరకే రాదు. వేరుకు అవభాసిని లేనేలేదు అని పాత పుస్తకాలు చెప్పేవి. ఆ మాటను కూడా ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో, మొలక వేరు తొడుగు మీదా, కొత్తగా పుట్టుకొచ్చే పక్కవేళ్ళ మీదా పలుచని క్యూటిన్ పొర ఉన్నదని 2019లో కనుగొన్నారు. కాని అది లేత దశలోనే ఉండి పోతుంది. ఎదిగిన వేరులో సూబరిన్ అనే వేరొక పదార్థం కాపలా కాస్తుంది. పక్కవేరు తల్లివేరును చీల్చుకొని వచ్చేచోట ఆ కాపలాలో సందులు ఏర్పడతాయి.

ఇందుకు తగిన సాక్ష్యం మరొకటున్నది. ఎన్నో పంటలకు ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రం కూడా వేళ్ళ గుండానే ప్రవేశిస్తుంది. దానిలో క్యూటినేజులనూ, కొవ్వును కోసే ఎంజైములనూ పని చేయించే ఒక ముఖ్య జన్యువును స్పెయిను శాస్త్రజ్ఞులు తొలగించి చూశారు. తెగులు తీవ్రత ఏమాత్రమూ తగ్గలేదని 2008లో ప్రకటించారు. వేరు ముందు నిలిచిన శిలీంధ్రానికి పెక్టిన్, సెల్యులోజు వంటి గోడ పదార్థాలను కోసే ఎంజైములదే పెద్ద పని. బండ కాదు, కింది జిగురు అని పైన చెప్పినది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మొక్క కూడా ఊరికే ఉండదు. పెక్టిన్ ఎంజైములను పట్టి ఆపే ప్రోటీనులు దాని దగ్గరున్నాయి. కోసివేసిన పెక్టిన్ ముక్కలే దానికి ప్రమాదఘంటికగా పనిచేస్తాయి.

ఇది పండితుల తగవు కదా, కంది రైతుకు ఏమి పోయింది అని అడగవచ్చును. పోయేది పంటే. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1981లో ప్రకటించిన లెక్క ప్రకారం, కాయ పట్టకముందే ఎండు తెగులు సోకితే దిగుబడి దాదాపు పూర్తిగా పోతుంది; కాయ ముదిరే దశలో సోకితే మూడింట రెండు వంతులు, కోతకు ముందు సోకితే 30 శాతం పోతుంది. ప్రవేశద్వారం ఆకే అని నేర్చుకొన్న పిల్లవాడు రేపు రైతు అయితే, వాడిపోయిన కంది ఆకుల మీద మందు కొడతాడు. శత్రువు వేరులో, నాళంలో కూర్చున్నాడు. ఆ మందు ఖర్చు నేలపాలు. ప్రవేశద్వారం వేరు అని తెలిసినవాడు మూడేళ్ళపాటు ఆ చెలకలో కంది వేయడు. లేక జొన్నతో కలిపి వేస్తాడు. కందిలో జొన్న అంతరపంటగా ఉన్నచోట ఎండు తెగులు తగ్గుతుందని ఇక్రిశాట్ క్షేత్రాలలో తేలింది. తెగులు సోకిన మోళ్ళను పీకి తగలబెడతాడు. తట్టుకొనే విత్తనం ఎంచుకుంటాడు. 1993లో విడుదలైన ఆశ అనే రకం ఎండు తెగులునూ, వెర్రి తెగులునూ కూడా తట్టుకొంటుంది. తాండూరులోని వ్యవసాయ పరిశోధనా స్థానం ఈ జిల్లా రైతులకు దగ్గరలోనే ఉన్నది.

వెర్రి తెగులు మాట వచ్చింది కనుక ఒక సంగతి. అది శిలీంధ్రం వలన రాదు. కంటికి కనపడని నల్లి మోసుకువచ్చే వైరసు వలన వస్తుంది. నల్లి ఆకును గుచ్చి రసం పీలుస్తుంది, వైరసు ఏ తలుపూ తెరవనక్కరలేదు. ఫైటోఫ్తోరా అనే మరొక జీవి తెచ్చే తెగులు వాన నీరు నిలిచినప్పుడు కాండాన్నీ ఆకునూ పట్టుకొంటుంది. అది అసలు శిలీంధ్ర జాతిదే కాదని ఇప్పటి వర్గీకరణ. ఒకే కంది చేనులో మూడు శత్రువులు, మూడు దారులు. వీటన్నిటికీ ఒకే బొమ్మ గీసి చూపటం బోధన సౌకర్యం కోసం చేసేదే గాని చేనులో చెల్లదు.

కొలత్తుకుడి ఎంజైముకు మరొక జన్మ కూడా లభించింది, చెప్పకపోతే వెలితిగా ఉంటుంది. క్యూటిన్‌లోని ఎస్టరు బంధాలవంటివే నీళ్ళ సీసాల ప్లాస్టిక్‌లోనూ ఉన్నాయి. ఆకుల ఎరువులో దొరికిన ఒక క్యూటినేజును ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు మెరుగుపరచి, 10 గంటలలో 90 శాతం ప్లాస్టిక్‌ను విడిభాగాలుగా కోయవచ్చునని 2020లో చూపారు. తెగుళ్ళ శాస్త్రంలో తన పాత్ర కుదించుకుపోయిన ఎంజైము మరొకచోట పెద్ద పాత్రకు ఎక్కింది.

తరగతిలో దీనిని చూపటానికి ఖర్చేమీ లేదు. కంది పూతకు వచ్చిన రోజులలో, వాడిపోయిన మొక్క ఒకటి, పచ్చగా ఉన్నది ఒకటి వేళ్ళతో సహా తీసుకువచ్చి, రెండు కాండాలనూ నిలువునా చీల్చాలి. ఎండు తెగులు సోకినదానిలో బెరడు కింద దారువు గోధుమ, నలుపు చారలుగా ఉంటుంది. పచ్చని మొక్కలో తెల్లగానే ఉంటుంది. ఆకుల మీద మాత్రం ఏ కన్నమూ, ఏ మచ్చా కనుపించదు. ఆ చారలున్న ముక్కను శుభ్రంగా కడిగి, తడి అద్దుడు కాగితం పరచిన గాజుమూత కింద ఉంచితే కొద్ది రోజులలో ముక్క కోసిన కొనల నుంచి తెల్లని బూజు బయటికి పాకుతుంది.